“షుగర్ తగ్గింది సారూ”

మా తమ్ముడి కూతురు ఫార్మసీ చదువు పూర్తిచేసి ఒక ఆసుపత్రిలో చేరబోతూ, అక్కడ పని ఎలా ఉంటుందో చెప్పమని ఫోన్ చేసింది. తూకం గురించి చెప్పాను, సీసాల గురించి చెప్పాను, కోపిష్టి డాక్టర్ల గురించి చెప్పి నవ్వించాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అదే చెప్పలేదు. భద్రయ్య సంగతి అది. ఫోన్‌లో చెప్పడం నావల్ల కాదు కనుక రాస్తున్నాను. ఆమె ఒక్కతే కాదు, మందుల కిటికీ వెనక కొత్తగా కూర్చునేవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు.

కిటికీ

నాది మధిర. డెబ్భైల మొదట్లో గోదావరి ఒడ్డున, అడవి మొదలయ్యే చోట ఒక సర్కారు దవాఖానాలో చేరాను. దాని పేరు రాయను. మధ్యలో కల్లూరు వైపు మూడేళ్లు తప్ప మొత్తం సర్వీసు అక్కడే గడిచింది. ఆర్డరు కాగితంలో ఫార్మసిస్టు అని ఉండేది గానీ జనానికి నేను చివరిరోజు దాకా కంపౌండరు సారునే. మొదట్లో ఆ మాటకు చిన్నబుచ్చుకునేవాణ్ణి. తర్వాత ఎవరైనా ఫార్మసిస్టు గారూ అంటే ఎవరినో పిలుస్తున్నారనుకునేవాణ్ణి.

అప్పట్లో మాత్రలు తక్కువ, కలిపే మందులు ఎక్కువ. రోగులు ఇంటి నుంచి సీసా తెచ్చుకునేవాళ్లు. అందులో మందు పోసి, గుర్తుల కోసం అంచు కత్తిరించిన కాగితప్పట్టీ అంటించి, ఒక గుర్తు పొద్దున, ఒక గుర్తు సాయంత్రం అని చెప్పేవాణ్ణి. ఎర్రగా ఉంటేనే మందుకు బలమని జనం నమ్మకం. తెల్ల మందు ఇస్తే, సారుకు మనమీద మనసు లేదని బయట చెప్పుకునేవాళ్లు.

ఇప్పుడు కలిపే పని పోయింది. మాత్రల అట్ట కత్తిరించి చేతిలో పెట్టడమే కదా, దీనికి చదువెందుకని కొందరు అడుగుతారు. వాళ్లకు నా జవాబు ఇది. మన డాక్టరు రోగిని రెండు నిమిషాలు చూస్తాడు. ఖమ్మంలో పెద్ద డాక్టరు రెండు నెలలకోసారి చూస్తాడు. గూడెంలో సూదిమందు వేసే ఆర్‌ఎంపీ ఎప్పుడు పడితే అప్పుడు చూస్తాడు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. ఆ చీటీలన్నీ ఒకే మడతలో పెట్టుకుని రోగి వచ్చేది మన కిటికీ దగ్గరికే. అవి మడత విప్పి చూసేవాడు మనం తప్ప లేడు. మనం చూడకపోతే ఎవరూ చూడనట్టే.

నా కిటికీకి, డాక్టరు గది గుమ్మానికి మధ్య దూరం పదిహేను అడుగులు. ఈ కథంతా ఆ పదిహేను అడుగుల గురించే.

నోరు మూసుకోవడం నేర్చిన రోజు

నేను చేరిన రెండో ఏడు ఒక గుండె రోగికి మా డాక్టరుగారు రాసిన మందు మోతాదు నాకు ఎక్కువనిపించింది. చీటీ పట్టుకుని నేరుగా ఆయన గదిలోకి వెళ్లాను. గది నిండా జనం. అందరి ముందూ, “సార్, ఇది ఎక్కువ రాశారేమో” అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టి నావైపు చూసి, ఈ మందు మొదటిరోజు ఎక్కువే ఇస్తారని, రేపటి నుంచి తగ్గిస్తారని నెమ్మదిగా చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. “నువ్వు పొట్లాలు కట్టవయ్యా, వైద్యం నేను చేస్తా” అన్నాడు. గదిలో జనం నవ్వారు. ఆ తర్వాత ఆరునెలల దాకా ఒక ముసలాయన కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా, సీసాలో ఎక్కువైందా తక్కువైందా సారూ అని ఏడిపించేవాడు.

తప్పు నాదే. మొదటిరోజు మోతాదు సంగతి నాకు తెలియదు. చదువుకుని వెళ్లాల్సింది, జనం లేనప్పుడు అడగాల్సింది. డాక్టరుగారు సాయంత్రానికి ఆ సంగతి మరిచిపోయి నాతో టీ తాగాడు. నేను మాత్రం ఏళ్ల తరబడి మరవలేదు. దాంట్లోంచి నేర్చుకోవాల్సింది ఎలా అడగాలో. నేను నేర్చుకున్నది అసలు అడగకూడదని. డాక్టరు రాశాడు, నేనిచ్చాను, నా బాధ్యత తీరింది అనే మాట ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని కప్పుకుని చాలా ఏళ్లు పడుకున్నాను.

నీలం రంగు

భద్రయ్య కల్లేదారు. బీడీలు చుట్టే తునికాకు కోసి కట్టలు కట్టి తెచ్చేవాళ్ల దగ్గర ఆకు తీసుకుని, కల్లంలో ఎండబెట్టించి, సంచుల్లో నింపించే మనిషి. ఎండాకాలం రెండు నెలలు ఆ పని, మిగతా ఏడాది రెండెకరాల సేద్యం. చుట్టుపక్కల గూడేల్లో ఆకు కోసే ప్రతి మనిషి పేరూ ఆయనకు తెలుసు. మనిషి దూరంగా కనబడితేనే పేరు పెట్టి పిలిచి, తల్లి కాలినొప్పి ఎలా ఉందని అడిగేవాడు. ఆయన భార్య కమలమ్మ మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ.

ఎనభైల మొదట్లో భద్రయ్యకు షుగర్ బయటపడింది. రోజుకొకటి వేసుకునే మాత్ర రాశారు, క్లోర్‌ప్రొపమైడ్ అని. ఒకసారి వేసుకుంటే ఒకటిన్నర రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు ఒంట్లో పనిచేసే మందు. ఇంట్లో రక్తం చూసుకునే మిషన్లు ఆ రోజుల్లో ఎక్కడివి. మూత్రం చూడటమే. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి కాచాలి. షుగర్ పోతుంటే ఆకుపచ్చ, పసుపు, ఇంకా ఎక్కువైతే ఇటుక రంగు తిరుగుతుంది. లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది.

కమలమ్మకు అది నేనే నేర్పాను. కిరసనాయిలు స్టవ్ మీద ఆమె గొట్టం తిప్పుతూ కాస్తుంటే చుట్టుపక్కల ఆడవాళ్లు ఏదో నాటుమందు చేస్తోందనుకునేవాళ్లట. రెండు వారాలకోసారి కిటికీ దగ్గరికి వచ్చి రంగు చెప్పేది. ఇటుక రంగు పోయింది, పసుపు పోయింది, చివరికి నీలమే అని చెప్పింది. నేను మెచ్చుకున్నాను. “నీలం వచ్చిందంటే షుగర్ తగ్గినట్టేనమ్మా” అన్నాను. ఈ మాట నేను ఆమెకు నేర్పిన రెండో విద్య.

ఆ మాటలోని లోపం చాలా ఏళ్ల దాకా నాకు పట్టలేదు. మన భాషలో తగ్గడమంటే మంచి కబురే. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, నొప్పి తగ్గింది. తగ్గిందా అని అడిగి, తగ్గిందంటే సంతోషించి, తర్వాతి మనిషిని పిలవడం మనకు అలవాటు. షుగర్ ఒక్కటే ఒక హద్దు దాటి తగ్గితే మనిషిని పడేస్తుంది. నీలం రంగు షుగర్ ఎక్కువ లేదని చెబుతుంది, మరీ పడిపోయిందని చెప్పదు. సరిగ్గా ఉన్నవాడికీ నీలమే, పడిపోతున్నవాడికీ నీలమే.

భద్రయ్య ఒంట్లోనే ఒక హెచ్చరిక గంట ఉండేది. కల్లంలో అన్నం ఆలస్యమైతే ఆయన చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. దానికి ఆకలి వణుకుడని పేరు పెట్టుకుని, చొక్కా జేబులో బెల్లంముక్క పెట్టుకు తిరిగేవాడు. వణుకు రాగానే బెల్లం నోట్లో వేసుకునేవాడు, పది నిమిషాల్లో సర్దుకునేది. ఏ డాక్టరూ చెప్పకుండానే తన ప్రాణం తాను కాపాడుకునే దారి కనిపెట్టాడు.

రెండు చీటీలు

ఎనభైల మధ్యలో ఆయనకు ఛాతీనొప్పి వచ్చింది. ఖమ్మం తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు గుండెకూ బీపీకీ కలిపి పనిచేసే ప్రొప్రనలాల్ రాశాడు. అప్పటికి అది మంచి మందే, ఆయన రాసింది తప్పని నేననను. షుగర్ మాత్ర సంగతి వీళ్లు చెప్పారో లేదో, ఆయన అడిగాడో లేదో నాకు తెలియదు. మూడు వారాల తర్వాత ఏప్రిల్ ఎండలో కమలమ్మ రెండు చీటీలతో నా కిటికీ దగ్గరికి వచ్చింది. ఒకటి మా దవాఖానా చీటీ, ఒకటి ఖమ్మానిది.

కిటికీ గట్టు మీద రెండూ పక్కపక్కన పెట్టాను. పుస్తకంలో ఒక పేరా గుర్తొచ్చింది. షుగర్ మాత్ర వేసుకునేవాళ్లకు ఈ గుండె మాత్ర ఇస్తే, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకునూ దడనూ అది కప్పేస్తుంది, చెమటను మాత్రం కప్పదు అని. చదివినప్పుడు దాని కింద గీత కూడా గీసుకున్నాను. అంటే నాకు తెలుసు. తెలియక జరిగిందని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఏమ్మా ఎలా ఉన్నాడని అడిగాను.

“మంచిగున్నడు సారూ. చేతులు వణుకుడు మొత్తమే పోయింది. షుగర్ తగ్గింది. జర చెమటలు పోస్తున్నయి, గంతే” అంది.

పుస్తకంలోని పేరా నా ముందు నిలబడి మాట్లాడినట్టే ఉంది. నేను డాక్టరు గదివైపు చూశాను. నన్ను నవ్వులపాలు చేసినాయన బదిలీ అయ్యి అప్పటికి నాలుగేళ్లు దాటింది. ఆ గదిలో ఉన్నది కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. నెమ్మదైన మనిషి, ఏది తెచ్చినా కూర్చోబెట్టి వినేది. పరదా వెనక ఆమె ఎవరితోనో మాట్లాడుతుండటం నాకు వినబడుతూనే ఉంది. నా క్యూలో ఇరవైమంది ఉన్నారు. తర్వాత అడుగుదాంలే అనుకున్నాను.

“ఎండాకాలం కదమ్మా, చెమటలు పోయవా” అన్నాను. మాత్రలు లెక్కపెట్టి రెండు పొట్లాలు కట్టి ఇచ్చాను.

ఆ రోజు అడగలేదు. మర్నాడు గుర్తొచ్చింది, పెద్ద డాక్టరు చూసుకోకుండా రాస్తాడా అనుకున్నాను. మూడోరోజు గుర్తు కూడా రాలేదు. తప్పు చేయడానికి దుర్మార్గం అక్కర్లేదు, ఇంతపాటి బద్ధకం చాలు.

కల్లంలో

పది రోజులు తిరక్కముందే జరిగింది. పొద్దున్నే మబ్బు పట్టింది. ఎండిన ఆకు తడిస్తే పనికిరాదు కనుక సంచులకెత్తే హడావుడిలో భద్రయ్య పొద్దున మాత్రలు వేసుకున్నాడు గానీ ఏమీ తినలేదు. పదకొండింటికి మనుషుల్ని తప్పుడు పేర్లతో పిలవడం మొదలుపెట్టాడట. ఎప్పుడూ పేరు తప్పని మనిషి అలా పిలుస్తుంటే మొదట తమాషా చేస్తున్నాడనుకుని నవ్వారట. తర్వాత కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట.

మా అడవి పల్లెల్లో చెమటపట్టి మాట తడబడితే ఎవరైనా ఒక్కటే అనుకుంటారు. చలిజ్వరం తలకెక్కిందని. అంతమందిని దానికి పోగొట్టుకున్న చోట వాళ్లను తప్పుపట్టలేను. ఆర్‌ఎంపీని పిలిచారు. ఆయనా అదే అనుకుని క్వినైన్ సూదిమందు వేశాడు. మలేరియాకు అది మంచి మందే కానీ, అది కూడా షుగర్‌ను కిందికి లాగుతుంది. కాసేపటికి ఒళ్లు ముట్టుకుని చూస్తే చల్లగా ఉంది. జ్వరం తగ్గిందని సంతోషించి, పడుకోనివ్వండని నీడలో పడుకోబెట్టారు. మూడు గంటలసేపు ఆయన అలా పడి ఉన్నాడు.

ఆకు లారీలో దవాఖానాకు తెచ్చేసరికి మధ్యాహ్నం మూడు. డాక్టరమ్మ కూడా మలేరియా మెదడుకెక్కిందేమోనని రక్తం తీయించబోతోంది. స్ట్రెచర్ నా కిటికీ ముందు నుంచే వెళ్లింది. నేను తలుపు తీసుకుని పరుగెత్తాను. ఆయన చొక్కా జేబులో బెల్లంముక్క చెమటకు కరిగి గుడ్డకు అంటుకుపోయి ఉంది. వణుకు రాలేదు గనక దాని అవసరమే ఆయనకు తెలియలేదు.

“మేడం, షుగర్ పడిపోయి ఉంటుంది. గుండె మాత్ర కూడా వేసుకుంటున్నాడు” అన్నాను.

ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు. వెంటనే నరానికి గ్లూకోజు ఎక్కించింది. కొన్ని నిమిషాల్లో కళ్లు తెరిచాడు. ఒంట్లో ఆ మాత్ర ఇంకా పనిచేస్తూనే ఉంటుందని మూడు రోజులు గ్లూకోజు ఆపకుండా పెట్టింది. ప్రాణం దక్కింది. కానీ మెదడు అన్ని గంటలు షుగర్ లేకుండా ఉండిపోయింది. లేచి కూర్చున్న భద్రయ్యకు పేర్లు పోయాయి. కమలమ్మను చూసి నవ్వేవాడు, పేరు అడిగితే దిక్కులు చూసేవాడు. మళ్లీ కల్లానికి వెళ్లలేదు.

నాలుగోరోజు డాక్టరమ్మ నన్ను పిలిచి, “మీకు ముందే అనుమానం ఉందా?” అని అడిగింది. కోపంగా అడగలేదు.

“ఇప్పుడే తట్టింది మేడం” అన్నాను.

ఈ రెండో తప్పు మొదటిదానికంటే పెద్దదని నా అభిప్రాయం. మొదటిది పిరికితనం. రెండోదాంతో ఆ పిరికితనాన్ని భద్రంగా దాచుకున్నాను. పాపం ఆమె ఖమ్మం డాక్టరుకు ఉత్తరం రాసి, మాత్రలు మార్పించి, మా కంపౌండరు గారి వల్ల మనిషి బతికాడని అందరికీ చెప్పింది.

ఆ తర్వాత

ఆ తర్వాత నేను మారాను. దాన్ని గొప్పగా చెప్పుకోలేను, మారడానికి ఒక మనిషి ఖర్చయ్యాడు. ఏ చీటీ వచ్చినా, ఇది కాక ఇంకేం మందులు వేసుకుంటున్నారు, ఎవరిచ్చారు, జ్వరానికి ఏమైనా సూది వేయించుకున్నారా అని అడిగేవాణ్ణి. మోకాళ్ల నొప్పుల మాత్రలు, పుండ్లకిచ్చే సల్ఫా మాత్రలు కూడా షుగర్ మాత్ర బలం పెంచుతాయని మళ్లీ చదువుకుని తెలుసుకున్నాను. షుగర్ ఉన్నవాళ్లు తగ్గింది అంటే సంతోషించడం మానేశాను. తగ్గడం వేరు, పడిపోవడం వేరు అని రెండు మాటలు విడదీసి నేర్పాను. ఉన్నట్టుండి చెమట పట్టినా, మాట తప్పినా పడిపోయిందనుకోండి, తెలివి ఉంటే బెల్లం పెట్టండి, తెలివి లేకపోతే నోట్లో ఏమీ పెట్టకుండా తీసుకురండి అని చెప్పి చెప్పి జనానికి విసుగు పుట్టించాను. ఒకరిద్దరు డాక్టర్లు నన్ను విసుక్కున్నారు. ఒకరు పుస్తకాల పురుగని పేరు పెట్టారు. అడిగినందుకు ఎవరూ నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఈ సంగతి ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో.

కమలమ్మ మాత్రం నెలనెలా భర్త చేయి పట్టుకుని వచ్చేది. వచ్చినప్పుడల్లా సీతాఫలాలో, కాసిని పెసలో కిటికీ గట్టు మీద పెట్టేది. “మీ పుణ్యాన బతికిండు సారూ” అనేది. నేను తీసుకునేవాణ్ణి. ఆ పళ్లు ఇంట్లో పిల్లలు తినేవాళ్లు, నేను ముట్టుకునేవాణ్ణి కాదు. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. వెనక క్యూ ఉందని ఊరుకునేవాణ్ణి. ఏడెనిమిదేళ్ల తర్వాత భద్రయ్య గుండె జబ్బుతోనే పోయాడు.

చివరి వారం

నా రిటైర్‌మెంటు తొంభైల మధ్యలో. ఇంకో వారం ఉందనగా కమలమ్మ వచ్చింది. ఆమెకూ అప్పటికి షుగర్ వచ్చింది, బీపీ కూడా. నేను వెళ్లిపోతున్నానని ఎవరో చెప్పారట. అటుకుల మూట గట్టు మీద పెట్టి, మీ పుణ్యాన అని మొదలుపెట్టింది.

ఇక నావల్ల కాలేదు. “ఆ మాట అనకు కమలమ్మా” అన్నాను. “ఆ రోజు నువ్వు రెండు చీటీలు తెచ్చినప్పుడే నాకు తెలుసు. ఆ రెండు మాత్రలు కలిస్తే ఏమవుతుందో నేను చదువుకున్నాను. డాక్టరమ్మను అడగాల్సింది, అడగలేదు. నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. ఎండకు చెమటలని పంపించేశాను.”

క్యూలో వెనకాయన జల్దీ కానివ్వమన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

“అవ్ సారూ” అంది. “రెండు చీటీలు పక్కపక్కన పెట్టి మీరు డాక్టరమ్మ గదిదిక్కు చూసిండ్రు. నేను చూసిన. ఏందో ఉన్నదనుకున్న. అడిగితే సారుకు కోపమొస్తదని అడగలే. గప్పటిసంది నేను అడగకపోవుడే తప్పనుకుంటున్న.”

సిగ్గంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. నేను దాచుకున్నది నా తప్పు ఒక్కటే అనుకున్నాను ఇన్నేళ్లూ. దాన్ని ఆమె మోసింది. పళ్లు తెచ్చి నాకు దండం పెడుతూ, లోపల తనను తాను తిట్టుకుంటూ మోసింది. నేను ఒక్కమాట చెప్పి ఉంటే అది ఆమె నెత్తిన ఉండేది కాదు.

కమలమ్మ కొంగుముడి విప్పి రెండు కాగితాలు తీసింది. ఒకటి మా దవాఖానా చీటీ, ఒకటి ఖమ్మానిది. గట్టు మీద పక్కపక్కన పెట్టి, ముడతలు చేత్తో సాపుచేసి నావైపు తిప్పింది.

“ఇవి నాయి. ఇప్పుడు అడుగుతున్న, చెప్పుండ్రి.”

చూశాను. ఒకదాంట్లో షుగర్ మాత్ర, రెండోదాంట్లో భద్రయ్యకు రాసిన గుండె మాత్ర కుటుంబానిదే ఇంకొకటి. క్యూలో గొణుగుడు మొదలైంది. రెండు చీటీలూ చేతిలోకి తీసుకుని, గది తలుపు తీసి బయటికి వచ్చాను. రా అమ్మా అని పిలిచి డాక్టరు గదివైపు నడిచాను. ఆమె నా వెనకే వచ్చింది. పదిహేను అడుగులే. నిమిషం కూడా పట్టలేదు.